సూక్ష్మతరంగములు – జగదీశచంద్ర బోసు

రేడియో తరంగములు, పరారుణ కిరణములు, దృశ్యకాంతి, ఎక్సు కిరణములు, ఇవన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. తరంగదైర్ఘ్యమున మాత్రమే భేదము. నేడు వంటింటి మైక్రోవేవ్ పొయ్యిలోను, రాడారులోను, చేతిలోని ఫోనులోను పనిచేయు సూక్ష్మతరంగములను తొలుత వశపరచుకొన్నవారిలో ఒకరు మనవంటి కళాశాల అధ్యాపకులేయని విద్యార్థి మిత్రులకు గుర్తుచేయదలచితిమి.

జగదీశచంద్ర బోసు 1858 నవంబరు 30న, నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న తూర్పు బెంగాలున జన్మించిరి. తండ్రి భగవాన్‌చంద్ర ప్రభుత్వాధికారి. అయినను కుమారుని ఆంగ్ల పాఠశాలకు పంపక మాతృభాషా పాఠశాలలో చేర్చిరి. అచ్చట బాలునికి కుడిప్రక్క తండ్రిగారి ముస్లిము సేవకుని కుమారుడు, ఎడమప్రక్క జాలరి కుమారుడు కూర్చుండెడివారు. వారు చెప్పిన పశుపక్ష్యాదుల కథలే ప్రకృతిపై తన ఆసక్తికి బీజమని ఆయన పెద్దవారైన పిదప స్మరించుకొనిరి. మాతృభాషలో అక్షరాభ్యాసము చేసినవారికి ఉన్నత విజ్ఞానము అందదనెడి వాదము మాకు రుచింపకపోవుటకు ఇదియొక కారణము.

ఇంగ్లండున చదువు ముగించి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులైరి. భారతీయుడగుటచే ఐరోపీయులకన్న తక్కువ జీతము నిర్ణయింపబడెను. ఆయన పాఠము చెప్పుట మానలేదు. జీతము మాత్రము మూడేండ్లు ముట్టలేదు. తండ్రి అప్పులలో మునిగియున్న కాలమది! తుదకు ప్రభుత్వమే దిగివచ్చి పూర్తి జీతమును బకాయిలతో చెల్లించెను.

ప్రయోగములకు తగిన వసతి లేదు. చిన్న గదిలో, ఒక రేకుల పనివానికి తర్ఫీదునిచ్చి పరికరములు చేయించుకొనిరి. హెర్ట్జ్ సృష్టించిన తరంగములు పొడవైనవి. వానిని పరీక్షించుటకు పెద్ద దర్పణములు, పట్టకములు కావలెను. బోసు తరంగదైర్ఘ్యమును సుమారు 5 మిల్లీమీటర్లకు తగ్గించిరి. అంతట ఆ పరికరములన్నియు ఒక బల్లపై ఇమిడినవి. రైళ్ల వేళల పుస్తకపు పుటల నడుమ తగరపు రేకులుంచి, దానినే తరంగములను ధ్రువణము చేయు సాధనముగా వాడిరి. మెలిపెట్టిన జనపనారయు ఆయనకు పనికివచ్చెను. 1895లో కలకత్తా టౌన్‌హాలున ఆయన పంపిన తరంగములు గోడలను దాటిపోయి గంట మ్రోగించి, తుపాకిమందును పేల్చినవి.

ఇంత సాధించియు దానిని అమ్ముకొనుటకు అంగీకరింపలేదు. మిత్రుల బలవంతముపై 1904లో గెలీనా స్ఫటిక గ్రాహకమునకు అమెరికాలో పేటెంటు లభించినను, దానివలన ధనము కూడబెట్టలేదు. ఈ నిరాకరణ ఉదాత్తమేకాని, ఆ ధనముతో మరికొన్ని ప్రయోగశాలలు వెలసియుండెడివి కదాయని మాకు తోచకపోదు.

పిదప ఆయన దృష్టి వృక్షములవైపు మరలెను. 1917లో కలకత్తాలో బోసు విజ్ఞాన మందిరమును స్థాపించి, 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూసిరి. ఆనాటి పరికరములు పెక్కు ఆ మందిరముననే భద్రముగా నున్నవి.