రాజా దీన్ దయాళ్: యంత్రమా, నేర్పా?

ఆడలేక మద్దెల ఓడన్న సామెత మన యందఱకును తెలిసినదే. మద్దెల మంచిదైనంత మాత్రమున ఆట రాదనుటయు అంతే నిజము. హైదరాబాదునందలి గన్‌ఫౌండ్రీ పేట చరిత్రయే ఇందుకు సాక్షి. ఫ్రెంచి సేనాని రేమండు 1786లో అచ్చట నిజాము ప్రభువు కొఱకు ఫిరంగులు పోతపోయు కార్ఖానాను నెలకొల్పెను. జనులు దానిని తోప్ కా సాంచా యనిరి. 1798లో రేమండు మరణించెను. ఫిరంగులు ఉండగనే ఆతని దళము ఆ యేడే పోరులేక ఆయుధములు విడువవలసి వచ్చెను. సాధనము తనంత తాను కార్యము సాధింపజాలదు.

అదే నగరమున, ఇంచుమించు నూఱేండ్లకు, వేఱొక సాధనముతో శాశ్వతకీర్తి నార్జించిన మహనీయులు రాజా దీన్ దయాళ్. వీరు 1844లో మీరటు చెంతనున్న సర్ధనా గ్రామమున జైన కుటుంబమునందు జన్మించిరి. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరు మరామత్తు శాఖయందు అంచనాలు వేయుటకును పటములు గీయుటకును ఉద్యోగమున ప్రవేశించిరి. 1874 ప్రాంతమున ఛాయాచిత్రకళను చేపట్టిరి. ఇండోరు ప్రభువు తుకోజీరావు హోల్కరు వీరిని ఆదరించెను.

ఆనాటి పని సామాన్యమైనది కాదు. గాజుపలకకు కొలోడియను అను జిగురు ద్రవమును పూసి, వెండి లవణపు నీట ముంచి, తడి యారకమున్నే చిత్రము తీసి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. మండు వేసవిలో పలక త్వరగా ఆఱిపోవును. వెలుతురును కొలుచు మీటరు నేటివలె కెమెరాలో లేదు. కటకము నెంతసేపు తెఱచి యుంచవలెనో కంటితోనే అంచనా కట్టవలెను. కట్టడముల కొలతలు కట్టిన ఆ కన్నే వీరికి పెట్టుబడి. గొలుసు మేలిదైనను కొలుచు చేయి వణకిన పొలము గట్టు తప్పునని లెక్కలు వ్రాయు నావంటి వారికి తెలియును గదా!

లెపెల్ గ్రిఫిన్ దొరతో మధ్య భారతమున పర్యటించి వీరు తీసిన ప్రాచీన కట్టడముల చిత్రములు 1886లో గ్రంథముగా వెలువడినవి. ఆ దశాబ్దముననే సికింద్రాబాదున ఛాయాచిత్రశాలను స్థాపించి, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున చేరిరి. నిజాము వీరికి రాజా బిరుదముతోపాటు ముసవ్విర్ జంగ్ అను బిరుదమును ఒసగెను. 1897లో విక్టోరియా రాణి తన ఛాయాచిత్రకారులుగా నియమించెను. పరదాలోని స్త్రీల కొఱకు 1892లో హైదరాబాదున ప్రత్యేక చిత్రశాలను నెలకొల్పి, ఒక ఆంగ్లవనితకు దాని నిర్వహణ నప్పగించిరి. ఎదుటివారి బిడియ మెఱిగి మెలగుటయు ఈ విద్యలో భాగమే.

అట్లని యంత్రమును తృణీకరింప రాదు. అప్పుడే వాడుకలోనికి వచ్చిన పొడి పలకలు చీకటి గుడారపు బరువును తొలగించినవి. వెలుతురును త్వరగా గ్రహించుటచే, కదలుచున్న గుఱ్ఱములను సైనికులను చిత్రించుట సాధ్యమైనది. మంచి సాధనము చేయదగిన పనుల మేరను పెంచును. కాని ఆ పలకలు, ఆ కటకములు ధనమున్న వారెవరికైనను లభించినవే. ఎచ్చట నిలువవలెనో, ఏ వేళ వెలుగు ఏ వంకనుండి పడవలెనో తెలిసికొనుట కొనుగోలుకు రాదు.

వీరు 1905లో స్వర్గస్థులైరి. వీరి చిత్రశాలకు చెందిన 2,857 గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము కొనెను. 2006లో వీరి స్మారకముగ తపాలా బిళ్ల వెలువడినది.

నేడు మన యూరి పిల్లల చేతి ఫోనులలోనే కెమెరాలున్నవి. అయినను మేలైన కెమెరా లేనిదే మంచి చిత్రము రాదని అప్పు చేయబోవువారు కలరు. వారికి నా మనవి యొక్కటే. ముందు కొన్నాళ్లు ఉన్న కెమెరాతోనే ఉదయ సాయంకాలపు టెండను పరిశీలింపుడు. చేయి కదలకుండ నిలుపుట నేర్వుడు. ఆ పరికరముతో ఇక సాధింపలేని పని యేదియో స్పష్టముగ తెలిసిన నాడు క్రొత్తది కొనుడు. ఆ నాడు పెట్టిన సొమ్ము వృథా కాదు.