ధ్వని నుండి అర్థానికి: ఖలీల్ బిన్ అహ్మద్ జీవితం

మాట్లాడడం అందరికీ తెలిసిన విద్యే. కాని మాట నోటిలో ఎక్కడ పుడుతుంది, దానికి అర్థం ఎట్లా కలుగుతుంది అని విచారించేవారు ఏ కాలంలోనైనా కొద్దిమందే. అట్టివారిలో అగ్రగణ్యులు క్రీ.శ. ఎనిమిదవ శతాబ్దికి చెందిన ఖలీల్ బిన్ అహ్మద్ అల్ ఫరాహీదీ. అరబ్బీ భాషకు తొలి సమగ్ర నిఘంటువును, ఛందశ్శాస్త్రాన్ని ప్రసాదించిన ఆ మహనీయుని చరిత్రను, ఉర్దూ తెలుగు భాషలు రెండూ వినిపించే ఈ కళాశాల విద్యార్థుల ముందుంచడం సముచితమని మేము భావిస్తున్నాము.

ఖలీల్ సుమారు 718లో ఒమాన్ ప్రాంతంలో, అజ్ద్ తెగలో జన్మించారు. చిన్న వయసులోనే నేటి ఇరాక్‌లోని బస్రా నగరం చేరి, అక్కడే విద్యాభ్యాసం చేసి, అక్కడే జీవితం గడిపారు. ఖురాన్ పఠనంలోను, అరబ్బీ భాషలోను ప్రామాణికులైన అబూ అమ్ర్ ఆయన గురువులలో ఒకరు. ఆయన నివాసం ఒక రెల్లు గుడిసె అని చరిత్రకారులు వ్రాశారు. అహ్వాజ్ ప్రాంతాన్ని ఏలిన సులైమాన్ అనే అధికారి తన కొలువుకు రమ్మని దూతను పంపగా, ఖలీల్ ఆ దూతకు ఇంట ఉన్న ఎండు రొట్టె చూపి, ఇది ఉన్నంత కాలం తనకు ఏలికతో పని లేదని తెలిపి పంపివేశారట. విద్యను అమ్ముకోని ఈ స్వాతంత్ర్యమే ఆయన పరిశోధనకు పునాది అని మా అభిప్రాయం.

ఆ కాలంలో అరబ్బీ అనేక దేశాలకు వ్యాపిస్తున్నది. అది మాతృభాష కాని వారు లక్షలాదిగా నేర్చుకొంటున్నారు. లిపిలో హల్లులే ప్రధానం కనుక, అచ్చులను తప్పుగా పలికితే అర్థమే మారిపోయే ప్రమాదం ఉన్నది. అంతకు పూర్వం అచ్చులను రంగు చుక్కలతో సూచించేవారు. ఖలీల్ వాటికి బదులు చిన్న అలిఫ్, చిన్న వావ్, చిన్న యే రూపాల నుండి గుర్తులను కల్పించారని ప్రసిద్ధి. మన ఉర్దూ విద్యార్థులు జబర్, పేష్, జేర్ అని పిలిచేవి ఇవే. హల్లు ద్విత్వాన్ని తెలిపే తష్దీద్ గుర్తు కూడా ఆయన కల్పనే అంటారు.

అన్నిటికంటె గొప్పది కితాబుల్ ఐన్ అనే నిఘంటువు. అలిఫ్, బే, తే అనే వరుస అక్షరాల ఆకారాన్ని బట్టి ఏర్పడినది. ఖలీల్ దానిని విడిచి, ప్రతి హల్లుకు ముందు ఒక అచ్చు చేర్చి అబ్, అత్, అగ్ అన్నట్లుగా పలికి, ధ్వని నోటిలో ఎక్కడ ఆగుతున్నదో పరీక్షించారు. కంఠపు లోతులలో పుట్టే ఐన్‌తో ప్రారంభించి, నాలుక, దంతాల మీదుగా పెదవుల దాకా వర్ణాలను అమర్చారు. గ్రంథానికి ఆ పేరు అందువల్లనే వచ్చినది.

తెలుగు వర్ణమాల చదివినవారికి ఇది కొత్తగా తోచదు. కవర్గం కంఠం వద్ద మొదలై, తాలువు, మూర్ధం, దంతాలు దాటి, పవర్గంతో పెదవులను చేరుతుంది. ఖలీల్‌పై భారతీయ ధ్వనిశాస్త్ర ప్రభావం ఉండవచ్చునని కొందరు పండితులు ఊహించారు గాని, దానికి నిశ్చితమైన ఆధారం లభించలేదు. ఇరువురికీ నోరే గురువైనదని మాత్రం చెప్పవచ్చును.

ధ్వనుల నుండి ఆయన పదాలకు సాగారు. మూడు హల్లులను ఆరు విధాలుగా, నాలుగింటిని 24 విధాలుగా, ఐదింటిని 120 విధాలుగా అమర్చవచ్చునని లెక్కించారు. కాఫ్, తే, బే అనే మూడింటిని తీసుకొందాము. కతబ అంటే వ్రాయడం, కబత అంటే అణచడం, బతక అంటే కోయడం, బక్కత అంటే మందలించడం. మిగిలిన రెండు అమరికలు వాడుకలో లేనివి. ఈ విధంగా భాషలో సాధ్యమైన పదాలు వేరు, సమాజం అర్థమిచ్చి స్వీకరించిన పదాలు వేరు అని ఆయన స్పష్టం చేశారు. ధ్వనులు నోరు ఇస్తుంది; అర్థం జనులు ఇస్తారు.

అరబ్బీలో నాలుగైదు హల్లుల ధాతువులలో రే, లామ్, నూన్, ఫే, బే, మీమ్ అనే ఆరింటిలో ఒకటైనా ఉండడం సామాన్యమని, లేనిచో ఆ పదం పరభాషది కావచ్చునని కూడా ఆయన సూత్రీకరించారు. నిఘంటు ప్రణాళిక ఖలీల్‌దే అయినా, దానిని పూర్తి చేసినవారు శిష్యుడు లైస్ అని పలువురి అభిప్రాయం. మరొక శిష్యుడు, పారశీకుడైన సీబవైహ్, అరబ్బీ వ్యాకరణానికి మూలగ్రంథం రచించి, అందులో వందల చోట్ల గురువును స్మరించారు.

బస్రా బజారులో కంచరుల సుత్తి దెబ్బలు విని ఆయన ఛందస్సును కనుగొన్నారని ఒక కథ ఉన్నది. కథ ఎట్లున్నా, 15 వృత్తాలను ఐదు చక్రాలలో ఇమిడ్చిన ఘనత ఆయనదే. పదహారవదానిని తరువాత అఖ్ఫష్ చేర్చారు. నేటి ఉర్దూ గజల్ నడిచే హజజ్, రమల్ వంటి బహర్ల పేర్లు ఆ శాస్త్రం నుండి వచ్చినవే.

ఆయన మరణం 786 ప్రాంతంలో, మరికొందరి లెక్కలో 791లో సంభవించినది. దుకాణదారు పనిపిల్లను మోసగించలేనంత సులభమైన లెక్కల పద్ధతిని ఆలోచిస్తూ నడిచి, మసీదు స్తంభానికి ఢీకొని మరణించారని చెప్పుకొంటారు.

విద్యార్థులారా! ఉర్దూలో జెండాకు అలమ్ అంటారు, దుఃఖానికీ అలమ్ అంటారు. మన చెవికి రెండూ ఒక్కటే. వ్రాతలో ఒకటి ఐన్‌తో, మరొకటి అలిఫ్‌తో మొదలవుతుంది. ఆ తేడా అకారణమైన భారమని మీలో అనేకులు విసుగుకొనడం మేము ఎరుగుదుము. ఖలీల్ చెవికి అవి రెండు వేర్వేరు ధ్వనులు, రెండు ధాతువులు, రెండు అర్థాలు. మన నాలుక మరచిన దానిని లిపి భద్రపరచినది. ఈ సంగతి గ్రహించినవారికి అక్షరదోషం మార్కుల నష్టంగా మాత్రమే కనిపించదు. తెలుగు వర్ణమాలను కంఠం నుండి పెదవుల దాకా ఒకసారి నెమ్మదిగా పలికి, ఆ పిమ్మట ఉర్దూ అక్షరాలను అదే విధంగా పరీక్షించండి. రెల్లు గుడిసెలో ఆయనకున్న సాధనాలు నోరు, చెవి, ఓపిక. వాటిలో మనకు లేనిది ఏది?