సర్దార్ గౌతు లచ్చన్న గారు – శాసనసభలో కష్టజీవుల గొంతు

మన జిల్లాలో సర్దార్ అనగానే పెద్దవాళ్లకి గుర్తొచ్చే పేరు ఒక్కటే, గౌతు లచ్చన్న గారు. ఈ మాట మన ఉర్దూలోనూ వుంది. ముందు నడిచేవాడు అని దాని అర్థం. ఆ బిరుదు ఏ సర్కారూ ఇచ్చింది కాదు, జనం ప్రేమతో పిలుచుకున్నది. ఆయన జీవితం మన పిల్లలకి తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

లచ్చన్న గారు 1909 ఆగస్టు 16న సోంపేట దగ్గర బారువలో కల్లుగీత కుటుంబంలో పుట్టారు. అప్పట్లో ఆ వూరు గంజాం జిల్లాలో వుండేది. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకి వెళ్లారు. ఆచార్య రంగా గారిని గురువుగా ఎంచుకుని రైతు ఉద్యమంలోకి వచ్చారు. మందస జమీందారీ రైతుల పక్షాన నిలబడ్డారు. క్విట్ ఇండియా రోజుల్లో మళ్లీ జైలు తప్పలేదు.

1952 ఎన్నికల్లో కృషికార్ లోక్ పార్టీ తరపున సోంపేట నుంచి మద్రాసు శాసనసభకి గెలిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగానే మన ప్రాంతపు సభ్యులు కర్నూలు సభకి వచ్చారు. ఆయన పేరు రాష్ట్రమంతా మోగింది అక్కడే, మద్యనిషేధం తగాదాలో.

మన దీన్‌లో మత్తు హరాం కదా, నిషేధాన్ని ఎదిరించిన మనిషి గురించి మన సంచికలో ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన మాటే. మనం తాగం, తాగమని ఎవరికీ చెప్పం. కాని జరిగిందేమిటో చూడండి. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది. చెట్టెక్కి పొట్టపోసుకునే కుటుంబాల రోజీ పోయింది. దొంగసారా మాత్రం ఆగలేదు. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తివేయమని సిఫారసు చేస్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు. లచ్చన్న గారు గీత కార్మికులను కూడగట్టి సత్యాగ్రహం నడిపారు. 1954 నవంబరులో సభలో అవిశ్వాస తీర్మానం తెచ్చారు. ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయింది. అంతటి త్యాగమూర్తి మంత్రివర్గం పడిపోయినందుకు బాధపడినవాళ్లూ వున్నారు. ఆ బాధ న్యాయమైనదే.

అయినా మేము గ్రహించిన నీతి ఇది. ఒక పని చెడ్డదని చట్టం చేసేటప్పుడు, ఆ పని మీద బతికేవాడి పొయ్యి రేపు ఎలా వెలుగుతుందో కూడా ఆ చట్టమే చెప్పాలి. పొందూరులో వుండే మనకి ఇది వేరే చెప్పనక్కరలేదు. రాట్నం ఆగితే, మగ్గం ఆగితే ఇంట్లో ఏమవుతుందో మనం చూస్తూనే వున్నాం. చెట్టెక్కేవాడి గోడుని చట్టం చేసే సభలో వినిపించడమే లచ్చన్న గారు చేసిన పని.

1955 ఎన్నికల్లో ఆయన పార్టీకి 22 స్థానాలు వచ్చాయి. ఆయన బెజవాడ గోపాలరెడ్డి గారి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 1959లో రాజాజీ, రంగా గార్లు స్వతంత్ర పార్టీ పెడితే అందులో చేరారు. విచిత్రం చూడండి, 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టింది ఆ రాజాజీ గారే! 1962లోనూ 1967లోనూ సోంపేట ఆయన్నే గెలిపించింది. 1967లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానం కూడా గెలిచి, దాన్ని గురువు రంగా గారి కోసం వదిలేశారు. కుర్చీ కోసం తగవులాడుకునే రోజుల్లో ఇది చిన్న మాట కాదు.

ఎమర్జెన్సీలో మళ్లీ జైలు. 1978లో జనతా పార్టీ తరపున గెలిచి ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నారు. 2006 ఏప్రిల్ 19న కన్నుమూశారు. నాగావళి మీద తోటపల్లి బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు.

మన సంఘం సోదర సోదరీమణులకు మా విన్నపం ఒక్కటే. మనవాళ్లు పది ఇళ్లే కదా, మన మాట ఎవరు వింటారు అనుకోకండి. ఒక్క ఓటుతో ప్రభుత్వం మారిన చరిత్ర మన రాష్ట్రానిది. పద్ధెనిమిది నిండిన మన అబ్బాయిలు, అమ్మాయిలు ఓటర్ల జాబితాలో పేరు వుందో లేదో చూసుకోవాలి. పొరుగువాడి కష్టం మనది కాకపోయినా, వాడి తరపున నోరు విప్పే అలవాటు చేసుకోవాలి. ఇన్సాఫ్ అంటే అదే.