కొవ్వొత్తి పాఠం చెప్పిన కమ్మరి కొడుకు – మైకేల్ ఫారడే

ఈ నెల గోడపత్రికలో సైన్సు మూల నాకు ఇచ్చారు. క్రింది తరగతుల వాళ్ళకి ఇప్పుడు పదార్థం స్థితులు, భౌతిక మార్పులు అనే పాఠం నడుస్తోంది. ఘనము, ద్రవము, వాయువు అని నిర్వచనాలు మళ్ళీ ఇక్కడ వ్రాస్తే ఎవరూ నిలబడి చదవరు. అందుకని ఆ పాఠాన్ని పిల్లలకి అందరికంటే బాగా చెప్పిన ఒకాయన జీవితం వ్రాస్తున్నాను.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న ఇంగ్లండులో లండన్ నగరం ప్రక్కన న్యూయింగ్టన్ బట్స్ అనే చోట జన్మించారు. తండ్రి జేమ్స్ కమ్మరి. కొలిమి పని చేసేవాడు గానీ ఒంట్లో బాగుండేది కాదు. పని చేసిన రోజు కూలి, చెయ్యని రోజు పస్తు. 1801లో ధరలు మండిపోయినప్పుడు తల్లి మార్గరెట్ చిన్న మైకేల్ చేతికి వారానికి ఒక రొట్టె ఇచ్చేదట. ఆ ఒక్కటే వారమంతా సర్దుకోవాలి. హాస్టల్లో మనకి మూడు పూటలా గంట కొడతారు, ఆ పిల్లవాడికి గంటా లేదు, పూటా లేదు.

చదువు కూడా అంతంతమాత్రమే. చదవడం, వ్రాయడం, కొంచెం లెక్కలు, అంతే. చిన్నప్పుడు ఆయనకి ర అనే అక్షరం నోరు తిరిగేది కాదని, అందుకని పంతులమ్మ బెత్తంతో కొట్టించబోతే తల్లి బడి మాన్పించిందని చెబుతారు. ఇంటి దగ్గర కువి, కోయ, ఒడియా మాట్లాడి ఇక్కడికొచ్చి తెలుగులో ళ పలకలేక నవ్వించుకున్నవాళ్ళకి ఆ బాధ ఏమిటో నేను వేరే చెప్పనక్కరలేదు.

పదమూడో ఏట, 1804లో, రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పేపర్లు ఇంటింటికీ ఇచ్చే పనికి కుదిరాడు. మరుసటి సంవత్సరం ఆ రీబోయే డబ్బు కట్టించుకోకుండా అతన్ని బైండింగు పని నేర్చుకోవడానికి పెట్టుకున్నాడు. ఏడేళ్ళ ఒప్పందం. ఇక్కడే కథ మలుపు తిరిగింది. అందరూ పుస్తకం కుట్టి అట్ట వేసి అవతల పెడతారు. ఈ కుర్రాడు కుట్టేముందు చదివేవాడు. బైండింగుకి వచ్చిన విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించి చదివాడు. జేన్ మార్సెట్ అనే ఆవిడ వ్రాసిన రసాయన శాస్త్ర సంభాషణలు చదివాడు. చదివి ఊరుకోలేదు, చేతిలో ఉన్న పైసలతో చిన్న చిన్న సామాన్లు కొని అందులో వ్రాసింది నిజమా కాదా అని చేసి చూసేవాడు. 1810లో తండ్రి పోయాడు. సాయంత్రం పూట సైన్సు ఉపన్యాసాలకి వెళ్ళడానికి అన్న రాబర్ట్ తన కూలిలోంచి షిల్లింగులు ఇచ్చాడు. ఆ అన్న కూడా కమ్మరే. నాకైతే ఫారడే కథలో ఈ అన్నే ఎక్కువ నచ్చాడు.

1812లో కొట్టుకి వచ్చే ఒక పెద్దమనిషి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ గారి ఉపన్యాసాలకి టిక్కెట్లు ఇచ్చాడు. డేవీ అప్పట్లో చాలా పేరున్న రసాయన శాస్త్రవేత్త. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, అన్నీ వ్రాసుకుని, బొమ్మలు వేసి, తనకి వచ్చిన పని అదే కాబట్టి చక్కగా బైండు చేసి డేవీకే పంపాడు. ఉద్యోగం అడిగాడు. 1813 మార్చిలో ప్రయోగశాలలో సహాయకుడిగా చేర్చుకున్నారు. వారానికి 25 షిల్లింగులు, పైఅంతస్తులో గది. సీసాలు కడగడం, సామాన్లు సర్దడం కూడా అందులో పనే. ఆ తరువాత డేవీ దంపతులతో యూరపు తిరిగినప్పుడు డేవీ భార్య ఈయన్ని నౌకరులాగే చూసింది. ఓర్చుకున్నారు.

ఇప్పుడు మన పాఠం దగ్గరికి వద్దాం. ఆ రోజుల్లో గాలి గాలే, నీరు నీరే అని చాలామంది అనుకునేవారు. నీటిని ఆవిరి చెయ్యవచ్చు, ఆవిరిని నీరు చెయ్యవచ్చు, సరే. కానీ వాయువుగానే పుట్టినవి ఎప్పటికీ వాయువులుగానే ఉంటాయా, లేక వాటినీ నీళ్ళలాగా సీసాలో చూడవచ్చా? ఇదీ ప్రశ్న. చలికాలంలో క్లోరిన్ నీటితో కలిసి పచ్చని స్ఫటికాలు కడుతుంది. 1823లో ఫారడే వాటిని వంపు తిరిగిన గాజుగొట్టంలో పెట్టి, రెండు కొసలూ మూసేసి, డేవీ సలహా మీద ఒక కొసను వేడిచేశారు. లోపల నీటితో పాటు నూనెలాంటి పసుపుపచ్చని చుక్కలు ఏర్పడ్డాయి. అప్పుడే అక్కడికి వచ్చిన డాక్టర్ పారిస్ అనే ఆయన, గొట్టం సరిగ్గా కడగలేదని, నూనె మరక ఉందని వేళాకోళం చేశాడు. ఆయన వెళ్ళిన తరువాత ఫారడే గొట్టం కొస కోస్తే ఢామ్మని పేలి నూనె మాయమైపోయింది. అది మరక కాదు, ద్రవంగా మారిన క్లోరిన్. మూసిన గొట్టంలో తన ఒత్తిడికి తానే ద్రవమైంది, మూత ఊడగానే మళ్ళీ వాయువైంది. మర్నాడు పొద్దున్నే డాక్టరు గారికి చీటీ వెళ్ళింది.

వంటగదిలో గ్యాస్ బండ కదిలిస్తే లోపల ద్రవం కదులుతున్న చప్పుడు వస్తుంది కదా. ఒత్తిడితో ద్రవం చేసి నింపుతారు, పొయ్యి తిప్పితే వాయువై వస్తుంది. పని అదే.

ఆ పద్ధతిలోనే కార్బన్ డయాక్సైడు, అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు లాంటివి ఒకటొకటే లొంగాయి. ఊరికే లొంగలేదు. గొట్టాలు పేలేవి. ఒకసారి గాజుముక్కలు ఫారడే కళ్ళలోకి వెళ్ళాయి. కట్టు కట్టుకుని మళ్ళీ పనిలోకి దిగారు. డేవీకి మాత్రం శిష్యుడి పేరు పెరగడం రుచించలేదు. రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఫారడే పేరు వచ్చినప్పుడు డేవీ వ్యతిరేకించారు. అయినా 1824లో ఎన్నికయ్యారు, వ్యతిరేకంగా పడింది ఒకే ఒక్క ఓటు. ఇంకో సంగతి. క్లోరిన్‌ని తనకంటే ముందే, 1805–06లో, నార్త్‌మోర్ అనే ఆయన ద్రవం చేశాడని తెలిసి ఫారడే తానే అది వ్రాసి అచ్చు వేయించారు. ఎవరూ అడగలేదు.

1831లో విద్యుత్తు గురించి చేసిన పెద్ద పని ఇక్కడ వ్రాయను, ఈ కాగితం చాలదు. 1845 నాటికి మళ్ళీ వాయువుల దగ్గరికి వచ్చారు. ఈసారి ఒత్తిడితో పాటు చలి. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడును ఈథర్‌తో కలిపి, పంపుతో గాలి లాగేసి, మైనస్ 110 సెంటీగ్రేడు డిగ్రీల దాకా దిగారు. చాలా వాయువులు ద్రవమయ్యాయి, కొన్ని గడ్డకట్టాయి కూడా. ఆరు మాత్రం లొంగలేదు: హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, మీథేన్, కార్బన్ మోనాక్సైడు, నైట్రిక్ ఆక్సైడు. లోకం వాటికి శాశ్వత వాయువులని పేరు పెట్టింది.

1850లో మంచు మీద ఒక చిన్న ప్రయోగం చూపించారు. కరుగుతూ ఉన్న రెండు మంచుముక్కల్ని ఒకదానికొకటి తాకిస్తే అతుక్కుపోతాయి. మంచు పైన పలచని నీటిపొర ఉంటుంది, రెండు ముక్కల మధ్య చిక్కితే అది మళ్ళీ గడ్డకడుతుందని ఆయన ఆలోచన. సంతలో ఐస్‌ఫ్రూట్ డబ్బా తెరిస్తే రెండు పుల్లలు కలిసి వస్తాయి చూడండి, అప్పుడు ఈయన్ని తలుచుకోవచ్చు.

పిల్లలకి క్రిస్మస్ సెలవుల్లో ఉపన్యాసాలు ఇవ్వడం ఆయనకి మహా ఇష్టం. పంతొమ్మిది సార్లు ఇచ్చారు. ర పలకని ఆ నోరు బాగుపడటానికి గురువుని పెట్టుకుని మాట్లాడటం నేర్చుకున్నారు. వేగంగా మాట్లాడేస్తారని నెమ్మది అని వ్రాసిన అట్టముక్క ఎదురుగా పెట్టించుకునేవారు. చివరిసారి 1860–61లో, 69వ ఏట, ఆరు రోజులపాటు చెప్పింది ఒక్క కొవ్వొత్తి గురించే. కరెంటు పోయినప్పుడు మనం ముట్టించుకునే కొవ్వొత్తే.

ఏముంది అందులో అంటారా? మైనం ఘనం. మంట వేడికి కరిగి ద్రవమవుతుంది. చుట్టూ పైకి ఎగసే గాలి అంచుని చల్లగా ఉంచుతుంది కాబట్టి మధ్యలో చిన్న గిన్నెలా ఏర్పడి ద్రవం అందులో నిలుస్తుంది. వత్తి దాన్ని పైకి పీలుస్తుంది. పైన అది ఆవిరవుతుంది. కాలేది ఆ ఆవిరే. ఆర్పగానే వచ్చే తెల్లటి పొగ చల్లబడుతున్న మైనం ఆవిరి. దానికి నిప్పు చూపిస్తే మంట పొగ వెంబడే దిగివచ్చి వత్తిని అంటుకుంటుంది. ఫారడే పిల్లల ముందు ఇది చేసి చూపించారు. మంట నడుమ గాజుగొట్టం పెట్టి ఆవిరిని బయటికి తీసి, మళ్ళీ మైనంగా గడ్డకట్టించారు కూడా. అంటే కరగడం, ఆవిరవడం భౌతిక మార్పు, వెనక్కి తేవచ్చు. కాలిపోయింది మాత్రం వెనక్కి రాదు, అది నీరు, కార్బన్ డయాక్సైడు అయిపోతుంది. మా తాత తేనెపట్టు పిండి మైనం కరిగించి ముద్ద చేస్తాడు. ఎన్నిసార్లు కరిగించినా మైనం మైనమే.

ఆ ఉపన్యాసాల్లోనే నీటిని పోత ఇనుప సీసాలో నింపి, బిగించి, ఐసు ఉప్పు కలిపిన దాంట్లో పెట్టారు. గడ్డకట్టేటప్పుడు నీరు వ్యాకోచించి సీసాని పగలగొట్టింది. రేకు డబ్బాలో ఆవిరి నింపి మూసి చన్నీళ్ళు పోస్తే డబ్బా నలిగిపోయింది. ఐసు, నీరు, ఆవిరి మూడూ ఒకే పదార్థం అని పిల్లలు కళ్ళారా చూశారు. విలియం క్రూక్స్ అనే ఆయన ఆ ఉపన్యాసాల్ని 1861లో పుస్తకంగా తెచ్చారు.

సర్ బిరుదు వద్దన్నారు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండుసార్లు వద్దన్నారు. చివరి రోజుల్లో జ్ఞాపకశక్తి బాగా తగ్గింది. 1867 ఆగస్టు 25న, విక్టోరియా రాణి ఉండటానికి ఇచ్చిన ఇంట్లో, కన్నుమూశారు.

మరి ఆ ఆరు వాయువులు? 1869లో ఆండ్రూస్ అనే శాస్త్రవేత్త అసలు కిటుకు చెప్పారు. ప్రతి వాయువుకీ ఒక ఉష్ణోగ్రత హద్దు ఉంది, దానికి పైన ఉంటే ఎంత నొక్కినా ద్రవం కాదు. ఆక్సిజన్‌కి ఆ హద్దు సుమారు మైనస్ 118. ఫారడే దిగింది 110 దాకా. ఇంకో ఎనిమిది డిగ్రీలన్నమాట! 1877లో ఆక్సిజన్ లొంగింది. 1898లో హైడ్రోజన్ లొంగింది, అదీ ఫారడే పనిచేసిన ఆ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనే, డ్యూవార్ చేతుల్లో. అన్నిటికంటే ఆఖరున, 1908లో, హీలియం లొంగింది. ఆ హీలియం ఉన్నట్టు మొదట జాడ తెలిసింది 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణం నాడు. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఆయన మన గుంటూరు వచ్చారు. ఆ సంగతి, గోడ మీద చోటు దొరికితే, వచ్చే నెల.