చార్లెస్ కెట్టరింగ్

నేడు తాళంచెవి తిప్పగానే కదిలే ఇంజను, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో మనిషి భుజబలం లేనిదే మేల్కొనేది కాదు. మోటారు బండికైనా, ట్రాక్టరుకైనా ముందుభాగాన ఇనుప హ్యాండిల్ దూర్చి, ఇంజనులోని ఇరుసును బలంగా తిప్పవలసి వచ్చేది. అది శ్రమతోపాటు అపాయంతో కూడిన పని. సిలిండరులో ఒత్తిడికి గురైన పెట్రోలు ఆవిరి, పిస్టను పైకి చేరకముందే మండితే ఇంజను వెనుకకు తన్నుతుంది. ఆ విసురుకు హ్యాండిల్ ఎదురు తిరిగి ఎందరి మణికట్లో విరిగేవి. అందుచేత అనుభవజ్ఞులు విద్యుత్ రవ్వ పుట్టే సమయాన్ని ముందుగానే కొంత ఆలస్యపరచేవారు. బొటనవేలిని హ్యాండిల్‌కు చుట్టక, తక్కిన వేళ్ల సరసనే ఉంచి, హ్యాండిల్‌ను కిందికి నొక్కక పైకి లాగేవారు. ఈ బాధను తొలగించిన ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్.

ఆయన 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ సమీపాన ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. చిన్ననాటి నుండి దృష్టిలోపం ఆయనను వేధించింది. కొంతకాలం బడిపంతులుగా పనిచేసి, ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరాడు. కంటిబాధ వల్ల చదువు మానుకోవలసి వచ్చింది. అయినా అధైర్యపడక, టెలిఫోను తీగలు వేసే బృందంలో పనిచేశాడు. తిరిగి విద్యార్థియై, 1904లో ఇంజనీరింగు పట్టం పొందాడు.

పిమ్మట డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థలో చేరి, దుకాణాలలో డబ్బు లెక్కించే యంత్రానికి విద్యుత్ మోటారును అమర్చాడు. 1909లో సహచరుడు ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డెల్కో సంస్థను స్థాపించాడు. డీడ్స్ ఇంటి వెనుక ఉన్న కొట్టమే వారి తొలి ప్రయోగశాల.

క్యాడిలాక్ కార్ల సంస్థ అధిపతి హెన్రీ లేలాండ్, హ్యాండిల్ అవసరంలేని కారును కోరాడు. ఆయన మిత్రుడొకడు ఆగిపోయిన కారును నడిపించబోయి, హ్యాండిల్ దెబ్బ తిని, అనంతరం మరణించడమే ఇందుకు ప్రేరణ అని చెబుతారు. ఇంజనును తిప్పగల మోటారు ఇంజనంత పెద్దదిగా ఉండాలని నాటి నిపుణుల అభిప్రాయం. డబ్బు యంత్రంపై పొందిన అనుభవం కెట్టరింగ్‌కు ఇక్కడ దారి చూపింది. రోజంతా పనిచేయవలసిన మోటారు వేడెక్కరాదు గనుక పెద్దది కావాలి. కొన్ని క్షణాలే శ్రమించవలసిన మోటారు చిన్నదైనా తన శక్తికి మించిన భారాన్ని మోయగలదు. ఇంజను నడవసాగిన తరువాత అదే మోటారు విద్యుత్తును పుట్టించి బ్యాటరీని నింపేలా కూడా ఆయన ఏర్పాటు చేశాడు. 1911లో ప్రయోగం ఫలించింది. 1912 నమూనా క్యాడిలాక్ కార్లు ఈ సాధనంతో వెలువడ్డాయి. దేహబలం తక్కువైనవారు సైతం పరుల సాయం లేకుండా కారు నడపగలిగారు. ట్రాక్టర్లకు మాత్రం ఈ సౌకర్యం ఆలస్యంగా అందింది. రైతుల చేతులు మరికొన్ని దశాబ్దాలు హ్యాండిల్‌ను తిప్పుతూనే ఉన్నాయి.

1920 నుండి 1947 వరకు ఆయన జనరల్ మోటార్స్ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించాడు. ఆయన పర్యవేక్షణలో 1921లో థామస్ మిడ్జ్‌లీ, పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే ఇంజనులోని పోటు తగ్గుతుందని కనుగొన్నాడు. అది ఇంజనుకు హితమైనా ప్రజలకు విషమైంది. దాని తయారీలో కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ పొగ దశాబ్దాల పాటు గాలిని కలుషితం చేసింది. కార్లకు ఆ పెట్రోలు అమ్మకం ప్రపంచమంతటా నిలిచిపోయింది 2021లోనే.

1945లో ఆల్ఫ్రెడ్ స్లోన్‌తో కలిసి న్యూయార్కులో క్యాన్సర్ పరిశోధన సంస్థను నెలకొల్పిన కెట్టరింగ్ 1958 నవంబరులో కన్నుమూశాడు.

ఎందరి చేతులనో గాయాల నుండి కాపాడిన ప్రయోగశాలల చరిత్రలోనే ఎందరి ఊపిరికో చేటు తెచ్చిన ఆవిష్కరణ కూడా ఉంది. యంత్రానికి మేలైన ప్రతిదీ మనిషికి మేలు కాదని, ఆ రెండింటినీ వేరుచేసి చూడగల వివేకమే శాస్త్రజ్ఞునికి తొలి అర్హత అని ఈ జీవితం మనకు బోధిస్తుంది.