పెరటి చెట్టుకు పరీక్ష

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. ఆ చెట్టును తృణీకరించక, గుడ్డిగానూ నమ్మక, ప్రయోగశాలకు చేర్చిన వైద్యుడు రామ్‌నాథ్ చోప్రా గారు.

ఆయన 1882లో, నేడు పాకిస్తాన్‌లో ఉన్న గుజ్రన్‌వాలాలో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, సైనిక వైద్యునిగా మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో పనిచేశారు. 1921లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో ఔషధశాస్త్ర ఆచార్యులయ్యారు.

అప్పట్లో మంచి మందులు ఓడల్లో విదేశాల నుండి వచ్చేవి. పేదవానికి దక్కేవి నాటువైద్యుని ఆకులు, వేళ్ళు. వాటిలో ఏది గుణమిస్తుంది? ఏది ఉత్త నమ్మకం? చోప్రా గారు ఒక్కొక్క మూలిక సారం తీసి పరీక్షించారు. సర్పగంధ వేరులోని ఒక పదార్థం రక్తపోటును తగ్గిస్తుందని 1933లో ఆయన బృందం ప్రకటించింది. పేరుకు తగ్గ గుణం లేని మూలికల సంగతి కూడా నిర్మొహమాటంగా వ్రాశారు.

మూలికలే కాదు, అంగడి మందులూ అనుమానాస్పదమే. మలేరియా రోగులకు కల్తీ క్వినైన్ అమ్ముతున్న రోజులవి. 1930లో ప్రభుత్వం నియమించిన విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షులు. 1940 నాటి మందుల చట్టానికి ఆ సంఘం నివేదికే పునాది.

పదవీ విరమణ తరువాత జమ్మూలో పరిశోధన సాగించారు. దేశీయ, పాశ్చాత్య వైద్యాలు ఒకటి కావాలని 1948లో ఆయన అధ్యక్షతన మరొక సంఘం సూచించింది. 1973లో, తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ప్రియ పాఠకులారా, రోగికి జాలితో మందిస్తే చాలదు. అది నిజమైన మందై ఉండాలి. పరీక్షించి ఇవ్వడం కూడా ప్రేమలో భాగమే.