హిమవంతుని చూడని పథికుడు

1802వ సంవత్సరము ఏప్రిలు నెలలో మద్రాసు చెంతనున్న సెంట్ థామస్ కొండ దగ్గర మైదానమున విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి ఉక్కుగొలుసుతో నేలను కొలువ నారంభించెను. దేశమును త్రిభుజములుగా విభజించి కొలుచు ఆ పని రాయలసీమ మీదుగా, నిజాం రాజ్యము మీదుగా ఉత్తరమునకు సాగి, అర్ధశతాబ్దము గడచిన పిదప హిమాలయ శిఖరముల ఎత్తును లోకమునకు తెలిపెను. గొలుసు నేలపై పరచిన రెండు నెలలకే, జూను 23వ తేదీని, భూగోళమున కావలి ప్రక్కన దక్షిణ అమెరికాలో ముప్పది రెండేండ్ల జర్మను పండితుడొకడు భారమితిని వెంట గొని చింబొరాజో పర్వతము నెక్కుచుండెను. ప్రపంచమున అంతకంటె ఎత్తైన కొండ లేదని నాటి విద్వాంసుల నమ్మకము. తన కొండను మించిన కొండలు భరతఖండమున గలవని తరువాత తెలిసికొని, వానిని కన్నులార చూడవలెనని నలువది యేండ్లకు పైగా తపించి, చూడకయే కన్ను మూసిన ఆ మహనీయుడు అలెగ్జాండరు ఫన్ హంబోల్టు.

ఆయన 1769 సెప్టెంబరు 14వ తేదీన బెర్లినులో సంపన్నుల యింట జన్మించెను. తొమ్మిదవ యేటనే తండ్రి గతించెను. అన్న విల్‌హెల్ము రెండేండ్లు పెద్దవాడు. తరువాతి కాలమున భాషాశాస్త్రమున అగ్రగణ్యుడై, సంస్కృతము నేర్చి, భగవద్గీతను గూర్చి బెర్లిను విద్వత్సభలో ఉపన్యసించినవాడు. నగరమునకు వెలుపల తేగెల్ అను చోట వారికొక భవనమును, దాని చుట్టును అడవియు, చేరువనే సరస్సును ఉండెను. తమ్ముడు పాఠము లెగవేసి ఆ చెట్లలో తిరిగి, ఆకులు, పురుగులు, రాళ్లు జేబుల నిండ నింపుకొని వచ్చెడివాడు. ఇంటివారు వానిని చిన్న మందులవాడని పరిహసించెడివారు.

అద్భుతములను వెదకుచు హంబోల్టు మొదట దూరదేశములకు పోలేదు. గొట్టింగెను విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న దినములలో రైను నదీతీరమునకు పోయి, అచటి నల్లని కృష్ణశిలలను పరిశీలించి 1790లో చిన్న గ్రంథము వ్రాసెను. ఆ రాయి నీటి నుండి పేరుకొన్నదా, నిప్పునుండి పుట్టినదా అని నాడు పెద్ద వివాదము. యువకుడు నీటి పక్షమునకు మ్రొగ్గెను. అమెరికాలో నిప్పులు గ్రక్కు కొండల నడుమ సంచరించిన పిదప ఆ యభిప్రాయమును వదలుకొనెను. విద్యార్థులు దీనిని గమనింపవలెను. తన మొదటి గ్రంథమున చేసిన పొరపాటును తాను చూచిన దానిని బట్టి దిద్దుకొన్న పండితులు అరుదు.

ఆ సంవత్సరమే గెయోర్గు ఫార్‌స్టరుతో కలసి ఇంగ్లండునకు పోయి, డెర్బీషైరులోని గొప్ప గుహను చూచెను. ఈ ఫార్‌స్టరు బాల్యమున కప్తాను కుక్కుతో భూప్రదక్షిణము చేసినవాడు. మనకు ఆయనతో వేఱొక బాంధవ్యము కూడ కలదు. విలియం జోన్సు ఇంగ్లీషున నుంచిన కాళిదాసుని శాకుంతలమును 1791లో జర్మనులోనికి తెచ్చినవాడాయనయే. హంబోల్టు మనస్సున సముద్రయానమునకు కోరిక రగిల్చినది ఆ స్నేహమే.

కాని తల్లికి కుమారుడు ప్రభుత్వోద్యోగి కావలెనని పట్టుదల. అందుచేత ఫ్రైబెర్గు గనుల విద్యాలయమున చదివి, 1792లో గనుల తనిఖీదారుగా కుదురుకొనెను. ఆ కొలువును కూడ ఆయన వింతల వేటగా మార్చుకొనెను. సూర్యరశ్మి సోకని గనులలో మొలచు నాచులను, శిలీంధ్రములను వెదకి 1793లో లాటినున గ్రంథము ప్రకటించెను. చెడుగాలిలో ఆరిపోని దీపమును కల్పించి, దానిని తానే పరీక్షింపబోయి గనిలో స్పృహ దప్పి పడిపోగా, తోడివారు వెలుపలికి లాగి బ్రదికించిరి. స్టేబెన్ అను గ్రామమున గనిపనివారికి తన సొంత ధనముతో పాఠశాల తెరచి, పాఠ్యగ్రంథములు కూడ తానే కూర్చెను. పై యధికారులకు ఈ సంగతి బడి తెరచిన పిదప గాని తెలియలేదు.

1796లో తల్లి మరణించెను. చేతికి వచ్చిన ఆస్తిని ఆయన యంత్రములకును, యాత్రకును వినియోగించెను. 1799 జూనులో బొన్‌ప్లాండు అను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞునితో స్పెయిను తీరమున ఓడ యెక్కి, దారిలో తెనెరీఫు ద్వీపమునందలి అగ్నిపర్వతము నెక్కి దిగి, జూలై 16వ తేదీన నేటి వెనిజువేలాలోని కుమనా రేవున దిగెను.

ఆ నేలపై ఆయన చూచినవానిలో కరీపే లోయయందలి గుహను నేను ముందు చెప్పుదును. ఆ గుహలో గుఅచారో అను పక్షులు వేలకొలది కాపురముండును. పగలెల్ల చీకటిలో దాగి రాత్రివేళ పండ్లకై వెలువడు వీని అరపులు గుహలో ప్రతిధ్వనించినపుడు మనుష్యుని గుండె దడదడలాడును. ఏటేట ఒక్క ఋతువున అచటి ఆదివాసులు ప్రవేశించి పిల్లపక్షులను కొట్టి కొవ్వు కరగించి నూనె తీసెడివారు. గుహాంతరమున పితరుల ఆత్మలుండునని వారి విశ్వాసము. కొంత దూరము నడచిన పిమ్మట వారిక కదలలేదు. అచట హంబోల్టు దృష్టి నాకర్షించినది పక్షులు మాత్రమే కాదు. అవి జార్చిన గింజలు ఆ గాఢాంధకారమున మొలకెత్తి, పాలిపోయిన సన్నని కాడలతో నిలువున పెరిగియుండెను. వెలుతురు లేని చోట మొక్క యెట్లు బ్రదుకునని ఆరేండ్ల క్రిందట ఇంటి చెంతనున్న గనిలో ఆయన వేసికొన్న ప్రశ్నయే ఇచట గుహలో ఎదురుపడినది.

1800లో వలెన్షియా సరస్సు తీరమున గ్రామస్థులు నీరేల తగ్గిపోవుచున్నదని ఆయన నడిగిరి. నేలక్రింద రంధ్రమేదో యుండి నీటిని త్రావుచున్నదని వారి యనుమానము. హంబోల్టు చుట్టుప్రక్కల కొండలను చూచెను. నీలి మొదలగు పైరులకై చెట్లు నరికివేసిరి. చెట్లు లేని వాలున వాన నిలువక ఒక్క పెట్టున వరదయై పారి మట్టిని కోసికొని పోవును, తరువాత ఊటలెండిపోవును. నేడు ప్రతి పాఠశాలలో చెప్పు ఈ పాఠమును అంత స్పష్టముగా వ్రాసి యుంచినవారిలో ఆయన తొలివాడు.

అటుపై ఒరినోకో నది. ఆటూరెస్, మైపూరెస్ అను చోట్ల నది బండలపై విరిగి పడి తెల్లని నురుగుగా మారును. ఆ రెండిటిని దాటి, దోమలచే ముఖము వాచి, చిన్న పడవలో కోతులతో, పక్షులతో కూర్చుండి వారములకొలది ప్రయాణించి, కసికియారే అను పాయ ఒరినోకోను అమెజాను నదీమండలముతో కలుపుచున్నదని రూఢి చేసెను. మైపూరెస్ గ్రామమున ఒక ముదుసలి చిలుక యుండెననియు, అది యేమి పలుకుచున్నదో ఎవరికిని తెలియదనియు, ఏలయన అది అంతరించిన ఆటూరెస్ జాతివారి భాషయనియు జనులు చెప్పగా ఆయన వ్రాసియుంచెను. భాషను బోధించు వృత్తిలో నున్న నాకు ఆ జలపాతములకంటె ఈ చిలుకయే మఱపునకు రాదు.

క్యూబాలో కొంతకాలము నిలిచి, మాగ్దలేనా నదిమీదుగా బొగోటాకు చేరి, తెకెందామా జలపాతమును చూచి, ఆండీసు పర్వతములు దాటి 1802 ఆరంభమున కీటో నగరము ప్రవేశించెను. అచటినుండియే చింబొరాజో ప్రయాణము. బొన్‌ప్లాండు, కీటోకు చెందిన మోంటూఫారు అను యువకుడు, ఆ దేశీయుడొకడు తోడు వచ్చిరి. తక్కిన కూలీలు మంచురేఖ చెంత నిలిచిపోయిరి. మూరెడైనను లేని గట్టుమీద పొగమంచులో చేతులతో రాళ్లు పట్టుకొనుచు ప్రాకవలసి వచ్చెను. చిగుళ్లనుండి, పెదవులనుండి రక్తము కాఱెను. కన్ను లెఱ్ఱబారెను. తుదకు దాట వీలులేని అగాధమైన చీలిక అడ్డుపడినది. భారమితి చెప్పిన లెక్క సుమారు 5,880 మీటర్లు. శిఖరమునకు ఇంకను దాదాపు 400 మీటర్లు మిగిలినవి. యూరపు పండితు లెవ్వరును అంతవరకు కొండపై అంత యెత్తున నిలిచి యుండలేదు.

శిఖర మందకున్నను, ఆ కొండ ఆయనకొక మహాసత్యమును చూపెను. అడుగున తాళవృక్షములు, పైన ఓకులు, పొదలు, గడ్డి, నాచు, చివరకు వట్టి మంచు: భూమధ్యరేఖనుండి ధ్రువమునకు పోవునపుడు మాఱు శీతోష్ణములును, వృక్షజాతులును ఒక్క కొండవాలుననే మెట్లుమెట్లుగా నున్నవి. చింబొరాజోను నిలువున కోసినట్లు చిత్రించి, ఏ మొక్క యే యెత్తున పెరుగునో దానిపై పేర్లు వ్రాసి 1807లో ప్రకటించెను. పటముపై సమానోష్ణము గల చోట్లను గీతతో కలుపు పద్ధతిని 1817లో కల్పించినదియు ఆయనయే. సమోష్ణరేఖలను నల్లబల్లపై గీయు భూగోళోపాధ్యాయులు ప్రతిదినము ఆయన చేతి గీతనే గీయుచున్నారు.

1804లో ఆయన యూరపునకు మరలి పారిసులో స్థిరపడెను. కొన్నియేండ్లకే భారతదేశమునుండి వింత వార్తలు రాసాగెను. హిమాలయ శిఖరములు చింబొరాజోను మించియున్నవని కుంపిణీ సైనికులు కొలిచినట్లును, సంస్కృత పండితుడైన కోల్‌బ్రూకు ఆ లెక్కలను ప్రకటించినట్లును తెలియవచ్చినది. యూరపున చాలమంది నమ్మలేదు. తాను ఎక్కిన కొండ ప్రథమస్థానమును కోల్పోవుచున్నను హంబోల్టు నొచ్చుకొనలేదు. ఆ లెక్కలను శ్రద్ధతో చర్చించి, హిమాలయమున ఉత్తరపు వాలుననే మంచురేఖ ఎక్కువ యెత్తున ఏల యుండునో వివరించుచు వ్యాసములు వ్రాసెను. ఆండీసున తాను కనుగొన్న నియమములు అచటను చెల్లునా అని చూడక ఆయనకు నిదురపట్టదు. పారసీకమును, టిబెట్టును గూర్చి చదివెను, పారశీకభాష నేర్వ మొదలిడెను. ప్రష్యా రాజు ధనసహాయమునకు మాట యిచ్చెను. ఇక లోపించినది అనుమతి యొక్కటియే.

1814లోను, 1817లోను, 1818లోను లండను నగరమునకు పోయి ఈస్టిండియా కుంపిణీవారిని అర్థించెను. వారు అనుమతి నీయలేదు. కారణమును చరిత్రకారులు ఊహించినారు. స్పెయిను పాలకులు అమెరికాలో ఆదివాసులను పిండుకొన్న విధమును, బానిసల వ్యాపారమును హంబోల్టు తన గ్రంథములలో నిర్మొగమాటముగా ఖండించియుండెను. అట్టి కన్నులు బంగాళమున, కర్ణాటకమున ఏమి చూచునో యని వర్తకప్రభువులు జంకియుందురు. మన పాలకులకు ఆ నాడు భయపడుటకు తగిన కారణ మున్నదని నాకు తోచును. ఒక శాస్త్రవేత్తకు హిమాలయము మూయబడినది అట్లు.

1829లో రష్యా చక్రవర్తి ఆహ్వానింపగా, అరువది నిండబోవు ఆ వృద్ధుడు గుఱ్ఱపుబండిలో ఉరాలు పర్వతములు దాటి, ఆల్టాయి చేరి, చీనా సరిహద్దు కావలి చెంతకు పోయి, కాస్పియను సముద్రమును చూచి, ఆరు నెలలలోపల 15,000 కిలోమీటర్లకు పైగా తిరిగి వచ్చెను. అచటి కర్షకదాసుల దుఃస్థితిని గూర్చి మాటాడననుటకు ముందే ఒప్పుకొనవలసి వచ్చినది. ఆసియాలో ఆయన నడచిన నేల అంతియే. హిమాలయ మచటికి ఇంకను ఎంతో దూరము.

మిగిలిన జీవితమును కాస్మోస్ అను మహాగ్రంథమునకు ధారవోసెను. 1845లో మొదటి సంపుటము వెలువడెను. రెండవ సంపుటమున వివిధ జాతుల కవులు ప్రకృతిని చూచిన తీరును చర్చించుచు మన కాళిదాసును ఆదరముతో పేర్కొనెను. హిమవంతుని వర్ణనతోనే కావ్యము నారంభించిన కవిని చదివిన మనకు ఈ సంగతి కొంత మనస్తాపమును కలిగించును.

ష్లాగింట్‌వైటు సోదరులు మువ్వురు ఆయన సిఫారసుతోనే 1854లో భారతదేశమునకు వచ్చిరి. ఈ మారు కుంపిణీవారు అనుమతియే కాక ఉద్యోగమును కూడ ఇచ్చిరి. 1855లో వారిలో ఇద్దరు గఢ్వాలునందలి ఆబి గామిన్ కొండపై సుమారు 6,780 మీటర్ల యెత్తునకు పోయిరి. గురువు చింబొరాజోపై నిలిచిన చోటికంటె 900 మీటర్లు పైన. ఆ యిద్దరిలో ఒకడైన అడాల్ఫు 1857లో కాష్గరున హతుడయ్యెను. తక్కిన వారు నూర్లకొలది హిమాలయ చిత్రములతో ఇంటికి మరలిరి. నడుమ 1856లో, లాంబ్టన్ ప్రారంభించిన సర్వే పదునైదవ సంఖ్య గల శిఖరమునకు 29,002 అడుగుల ఎత్తును ప్రకటించెను. దానికి ఆధారమైన గణితమున వంగీయుడైన రాధానాథ శిక్దారునకు ముఖ్యభాగము కలదు.

1859 మే 6వ తేదీన, ఎనుబది తొమ్మిదవ యేట, హంబోల్టు బెర్లినులో మరణించెను. కాస్మోస్ అయిదవ సంపుటము పూర్తికాలేదు. చిన్ననాడు ఆకులు, పురుగులు ఏరుకొన్న తేగెల్ తోటలో, అన్నగారి సమాధి ప్రక్కనే ఆయనను పాతిపెట్టిరి.